తెప్ప దించమని చెప్పేదెవరు, వద్దని చెప్పేదెవరు: ఒక తీర గ్రామపు స్వచ్ఛంద రక్షణ దళం మీద కేస్ స్టడీ

ఉత్తరాంధ్ర తీరంలో ఒక మత్స్యకార గ్రామం ఉంది. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడేందుకు అక్కడ ఊరివాళ్లే ఒక దళాన్ని నడుపుకుంటున్నారు. జీతాలు లేవు, ప్రభుత్వ హోదా లేదు. ఆ దళం ఏర్పడినప్పుడు, చెదిరిపోయినప్పుడు, మళ్లీ నిలదొక్కుకున్నప్పుడు సముద్ర భద్రత శిక్షకుడిగా నేను దగ్గరే ఉన్నాను. తీర గ్రామాల్లో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా బోటు ఎక్కడ దొరుకుతుంది, డబ్బు ఎవరిస్తారు అన్న దగ్గర మొదలుపెడతారు. ఈ ఊరు ఇంకో ప్రశ్న దగ్గర దెబ్బతింది, దానికే జవాబు వెతుక్కుంది. అందుకే రాస్తున్నాను. ఊరి పేరు, సంవత్సరాలు తీసేశాను. కుటుంబాలను గుర్తుపట్టే అవకాశమున్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఊరి పక్కన ఒక చిన్న ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర ఇసుక మేట ఏటా చోటు మారుతుంది. వానలకు ఏటి నీరు బయటికి తోసుకొస్తూ, పోటు లోపలికి వస్తున్న వేళ అక్కడ కెరటం నిట్టనిలువుగా లేచి విరుగుతుంది. ఊరికి జెట్టీ లేదు. ఫైబర్ తెప్పలను ట్రాక్టరుతో ఇసుక మీద లాగి కెరటాల్లోకి దించాలి, తిరిగొచ్చాక మళ్లీ అలాగే లాక్కోవాలి. మన తీరంలో చాలా ఊళ్ల పరిస్థితి ఇదే. ఇలాంటి ఊళ్లలో నడిసముద్రం కన్నా ఒడ్డుకు చేరే ముందు కెరటాలు విరిగే ఆ కాస్త దూరమే ఎక్కువ భయపెడుతుంది.

కోస్ట్ గార్డ్ ఉండగా ఊరికి వేరే దళం ఎందుకని చాలామంది అడుగుతారు. కోస్ట్ గార్డ్‌కు 1554 నంబరుకు ఫోన్ చేయవచ్చు, మెరైన్ పోలీసులకు 1093. ఈ రెండూ ఊళ్లో ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చి ఉండాల్సిన నంబర్లు. కానీ కోస్ట్ గార్డ్ ఓడకు లోతు కావాలి. కెరటాలు విరిగే చోటికి అది రాలేదు. హెలికాప్టర్ రావాలంటే సమయం పడుతుంది, వాతావరణం అనుకూలించాలి. మొగ దగ్గర తెప్ప బోల్తా పడితే మనిషికి ఉండేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో అందుబాటులో ఉండేది ఒడ్డున ఉన్న ఊరివాళ్లు మాత్రమే.

ఈ పని ఆ ఊరికి కొత్త కాదు. తెప్ప తిరగబడిందని కేక వినపడితే ఎవరి తెప్ప నీటికి దగ్గరగా ఉంటే దాన్ని దించి వెళ్లడం తాతల నాటి నుంచీ ఉన్నదే. 1996 నవంబరు 6న కాకినాడ దగ్గర తీరం దాటిన తుఫానులో వేటకు వెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో ఈ తీరమంతా చెప్పుకుంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చేనాటికి హెచ్చరికలు ముందుగానే అందడం మొదలైంది, వాయుగుండం కబురు రాగానే తెప్పలు ఆగిపోతున్నాయి. ఇప్పుడు ప్రాణాలు పోతున్నది పెద్ద తుఫానుల్లో కన్నా మామూలు రోజుల్లో, మామూలు కన్నా కాస్త పెద్ద కెరటాల్లో.

సమస్య

నన్ను ఆ ఊరికి పిలిచింది ఒక దుర్ఘటన తర్వాత. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక సాయంత్రం, మొగకు అవతల ఒక తెప్ప ఇంజను ఆగిపోయి కెరటాల వైపు కొట్టుకొస్తున్నట్టు ఒడ్డు నుంచి కనిపించింది. నలుగురు కుర్రాళ్లు ఇంకో తెప్ప దించారు. వాళ్లలో ఇద్దరు ఒకే తల్లి కొడుకులు. వాళ్లు మొగ దాటేలోపే, పొరుగూరి తెప్ప ఒకటి అటుగా వచ్చి ఆపదలో ఉన్నవాళ్లను ఎక్కించుకుని దక్షిణాన వేరే రేవులో దించేసింది. ఆ సంగతి ఊళ్లో ఒకరికి ఫోన్లో తెలిసింది కూడా. కానీ నీటి మీద ఉన్న నలుగురికి చెప్పే దారి లేదు. వాళ్లు చీకటి పడేదాకా వెతికి, తిరిగి వస్తుండగా మేట దగ్గర బోల్తా పడ్డారు. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. అన్నదమ్ములిద్దరూ పోయారు.

అప్పటికే క్షేమంగా ఒడ్డుకు చేరినవాళ్ల కోసం వెతుకుతూ ఇద్దరు పోయారన్నది ఊరిని కుదిపేసింది. నాతో మాట్లాడినవాళ్లు ఎక్కువమంది రెండు మాటలు అన్నారు: మంచి బోటు ఉంటే బతికేవారు, లైఫ్ జాకెట్లు ఉంటే బతికేవారు. రెండూ నిజమే కావచ్చు. అయితే ఆ సాయంత్రం జరిగింది ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోతే నాకు వేరే విషయం కనిపించింది. ఆ తెప్ప దించాలని ఎవరూ నిర్ణయించలేదు. అది దిగిపోయింది, అంతే. ఎవరు ఎక్కాలో, ఎంతసేపు వెతకాలో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పే మనిషి లేడు. ధైర్యానికి ఆ ఊళ్లో కొరత లేదు. ఆ ధైర్యాన్ని ఆపగల అధికారం ఎవరి చేతిలోనూ లేదు.

మొదటి ప్రయత్నం: దానంగా వచ్చిన బోటు

నేను ఇలా ఆలోచిస్తుండగానే ఒక దాత సంస్థ ఊరికి రెస్క్యూ బోటు ఇచ్చింది. మంచి ఉద్దేశంతో ఇచ్చారు, బోటు కూడా నాణ్యమైనదే. అడుగు లోతుగా ఉండి, రెండు పెద్ద ఇంజన్లతో, జెట్టీ నుంచి నడపడానికి చాలా బాగుంటుంది. ఈ ఇసుకలో దాని ట్రైలర్ చక్రాలు కూరుకుపోయేవి. పాతికమంది తోస్తే గానీ కదిలేది కాదు. కెరటాల అంచున అడుగు ఇసుకకు తగిలి పక్కకు ఒరిగేది. ఊళ్లో మెకానిక్‌లకు తెలిసిన ఇంజను వేరు, దీని ఇంజను వేరు. ఒక చిన్న భాగం పాడైతే విశాఖపట్నం నుంచి రావాలి. రెండో సీజన్‌కల్లా అది టార్పాలిన్ కప్పుకుని తుఫాను షెల్టర్ వెనక చేరింది.

ఇలాంటిది రెండు వందల ఏళ్ల క్రితమే జరిగిందని నాకు తెలుసు. 1790లో ఇంగ్లండ్‌లో టైన్ నది ముఖద్వారం దగ్గర హెన్రీ గ్రేట్‌హెడ్ కట్టిన లైఫ్‌బోటుకు గొప్ప పేరొచ్చింది. దాంతో 1801లో లోస్టాఫ్ట్ అనే రేవుకు అదే రకం బోటు తెచ్చారు. అక్కడి ఒడ్డు మీద బతికే పడవవాళ్లు దాన్ని వాడటానికి ఒప్పుకోలేదు. మా ఒడ్డు వేరు, మా సముద్రం వేరు అన్నారు. లయొనెల్ లూకిన్ అనే రూపకర్త వాళ్ల సొంత పడవలను చూసి, ఆ పద్ధతిలోనే తెరచాపతో నడిచే లైఫ్‌బోటును తయారు చేయించాడు. 1807లో నీటిలోకి దిగిన ఆ 'ఫ్రాన్సిస్ ఆన్' ఆ తీరానికి చాలా ఏళ్లు పనికొచ్చింది.

ఆ కథను గ్రామ పెద్దలకు చెప్పినప్పుడు వాళ్లకు వెంటనే గుర్తొచ్చింది 2018 ఆగస్టులో కేరళ వరదలు. అక్కడి మత్స్యకారులు తమ సొంత పడవలనే లారీల మీద ఎక్కించుకెళ్లి జనాన్ని కాపాడటం వాళ్లు టీవీలో చూశారు. దానంగా వచ్చిన బోటును పొరుగున హార్బరు ఉన్న చోటికి ఇచ్చేద్దామని, మన పనికి మన తెప్పలే వాడదామని తీర్మానించారు. దాత సంస్థ నొచ్చుకోకుండా ఒప్పుకోవడం పెద్ద విషయం. ఊళ్లో ఉన్న వాటిలో తేలికైన, ఇంజను నమ్మకమైన తెప్పలు మూడింటిని ఎంచుకున్నాం. రోజూ వేటకు వెళ్లే తెప్ప ఇంజను రోజూ పరీక్షకు నిలబడుతుంది. షెడ్డులో ఉంచిన బోటు ఇంజను అవసరమైన రోజున స్టార్ట్ అవుతుందో లేదో ఎవరికీ తెలియదు.

రెండో ప్రయత్నం: యువకుల దళం

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మగవాళ్లంతా ఊళ్లో ఉంటారు, శిక్షణకు అంతకన్నా మంచి సమయం లేదనుకున్నాం. యువకులు ఉత్సాహంగా పేర్లిచ్చారు. ప్రథమ చికిత్స, తాడు విసరడం, గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కడం, అన్నీ నేర్చుకున్నారు. నేను చూసిన శిక్షణ బృందాల్లో బాగా తయారైన వాటిలో అదొకటి.

అక్టోబరు వచ్చేసరికి ఆ దళం ఊళ్లో లేదు. ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఊళ్ల నుంచి యువకులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పెద్ద బోట్ల మీద నెలల తరబడి పనిచేస్తారు. ఆగస్టు ప్రాంతంలో రైలెక్కితే మళ్లీ వేసవికే రాక. అంటే మనకు తుఫానులు, పెద్ద కెరటాలు వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో జాబితాలో పేర్లున్నవాళ్లు అరేబియా సముద్రం మీద ఉంటారు. ఆ నవంబరులో ఒక తెప్ప ఇంజను చెడి కొట్టుకుపోతున్నప్పుడు మళ్లీ పాత పద్ధతే అయింది. ఒడ్డున ఎవరుంటే వాళ్లు ఎక్కారు. లైఫ్ జాకెట్లు తుఫాను షెల్టర్‌లో తాళం వేసి ఉన్నాయి, తాళం చెవి ఉన్న ఉద్యోగి మండల కేంద్రానికి వెళ్లాడు. అదృష్టం కొద్దీ అందరూ క్షేమంగా తిరిగొచ్చారు.

ఈ దశలోనే వాట్సాప్ గ్రూపు కూడా పెట్టారు. ఆపద కబురు రాగానే అందరూ అందరికీ ఫోన్లు చేశారు. కోస్ట్ గార్డ్‌కు ఎవరో చేసే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

తెప్ప, శిక్షణ, ఫోన్లు అన్నీ ఉండి కూడా దళం ఎందుకు నిలబడలేదు? ఊరి సంవత్సరం ఎలా నడుస్తుందో దాన్ని బట్టి మేం దళాన్ని కట్టలేదు. నిషేధ కాలంలో ఎవరున్నారన్నది కాదు, కార్తీకంలో ఊళ్లో మిగిలేదెవరన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు: నలభై దాటినవాళ్లు, పెళ్లయి ఊళ్లోనే స్థిరపడినవాళ్లు, ఇంకా స్త్రీలు.

మూడో ప్రయత్నం: ఒడ్డు నుంచి మొదలుపెట్టడం

మొదట స్త్రీల గురించి చెబుతాను. అసలు మలుపు అక్కడే వచ్చింది. తెల్లవారుజామున చేపలు కొనడానికి, వేలం పాడటానికి గంపలతో ఒడ్డుకు వచ్చేది వాళ్లే. ఏ తెప్ప ఇంకా రాలేదో ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. అయినా అప్పటిదాకా మా సమావేశాలకు వాళ్లను ఎవరూ పిలవలేదు. ఒకామె లేచి, "మా లెక్క మాకుంది బాబూ, అడిగినోళ్లు లేరు" అంది. ఆ లెక్కనే పుస్తకంలో పెట్టాం. ఏ తెప్ప, ఎంతమంది, ఏ వైపు, ఎప్పటికి తిరిగి రావాలి. చదువుకున్న ఇద్దరు కోడళ్లు వంతులవారీగా రాస్తారు. చెప్పిన వేళకు రాని తెప్ప గురించి కబురు మొదలయ్యేది ఆ పుస్తకం దగ్గరే. 1554కు ఫోన్ చేసే బాధ్యత ఆ రోజు పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లది, ఇంకెవరిదీ కాదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెప్ప దించాలా వద్దా అన్న చర్చ మొదలవకముందే ఆ ఫోన్ వెళ్లిపోవాలి.

ఇక అసలు ప్రశ్న. దించమని, వద్దని చెప్పేదెవరు?

పెద్దల సమావేశంలో నేను రై హార్బర్ కథ చెప్పాను. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో చిన్న పల్లె అది. 1928 నవంబరు 15న తెల్లవారకముందే, భయంకరమైన గాలిలో, 'అలీస్ ఆఫ్ రిగా' అనే ఓడ ఆపదలో ఉందని కబురు వస్తే ఆ ఊరి స్వచ్ఛంద లైఫ్‌బోటు 'మేరీ స్టాన్‌ఫర్డ్' దిగింది. అది దిగిన కొద్ది నిమిషాలకే, ఓడలోని వాళ్లను ఇంకో ఓడ కాపాడేసిందన్న సమాచారం వచ్చింది. వెనక్కి రమ్మని ఒడ్డు నుంచి సంకేతాలు పేల్చారు. ఆ గాలివానలో, ఎగిసిపడే తుంపరలో బోటువాళ్లకు అవి కనిపించలేదు. తిరిగి వస్తుండగా హార్బరు ముందే బోటు తిరగబడి 17 మందీ చనిపోయారు. వాళ్లలో అన్నదమ్ములున్నారు, తండ్రీ కొడుకులున్నారు. ఊళ్లో వేటకు వెళ్లే మగవాళ్లు దాదాపుగా వాళ్లే.

కథ పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ ఊళ్లో జరిగింది ఇంకో దేశంలో, ఇంకో కాలంలో, అచ్చం అలాగే జరిగిందని వినడం వాళ్లకు కష్టంగా ఉండింది. ఒక పెద్దాయన మాత్రం నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే అడిగాడు. "అదంతా సరే బాబూ. మునిగిపోతన్నోడు మన పిల్లడైతే, ఒడ్డున కూకుని మంచీ చెడ్డా లెక్కలేసుకుంటామా?"

ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. కళ్ల ముందు కొడుకు మునుగుతుంటే ఆగమని చెప్పే మాటకు విలువ ఉండాలంటే, ఆ మాట చెప్పేవాడు ఆపద లేని రోజునే ఊరందరి ఒప్పుదలతో నియమించినవాడై ఉండాలి. కేకలు, ఏడుపుల మధ్య కొత్తగా పుట్టే అధికారాన్ని ఎవరూ ఒప్పుకోరు. అందుకే గంగమ్మ గుడి దగ్గర, ఊరంతా కూర్చున్న రోజున ముగ్గురు ఒడ్డు పెద్దలను ఎంచుకున్నారు. ముగ్గురూ వేట నుంచి విరమించుకున్నవాళ్లు, మొగను అరచేతిలా ఎరిగినవాళ్లు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే తెప్ప దిగుతుంది. ఆపదలో ఉన్నది ఎవరి కుటుంబమో ఆ పెద్ద ఆ పూటకు తప్పుకోవాలి, బదులుగా నాలుగో వ్యక్తి వస్తాడు. నీటి మీదకు వెళ్లాక చివరి మాట తెప్ప నడిపేవాడిది. ఎక్కనంటున్న మనిషిని కారణం అడగకూడదు, తర్వాత ఎత్తిపొడవకూడదు. ఈ ఆఖరి షరతు పెట్టించింది యువకులు కాదు, వాళ్ల తల్లులు.

ఒకే ఇంటి నుంచి ఒక్కరే ఎక్కాలన్న నియమం మీద వాదన ఎక్కువగా జరిగింది. తెప్ప ఒక కుటుంబానిదైతే అన్నదమ్ములు కలిసి నడపడం అలవాటు, ఒకరి చెయ్యి ఒకరికి తెలుసు. అది బలమైన కారణమే. దానికి ఎదురుగా నేను పెట్టింది మౌస్‌హోల్ ఉదంతం. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని ఆ పల్లె నుంచి 1981 డిసెంబరు 19 రాత్రి పెన్లీ లైఫ్‌బోటు 'సాలమన్ బ్రౌన్' ఎనిమిది మందితో 'యూనియన్ స్టార్' అనే ఓడను ఆదుకోవడానికి వెళ్లింది. కాక్స్‌వెయిన్, అంటే బోటు నడిపే నాయకుడు, ట్రెవెల్యన్ రిచర్డ్స్ ఒక ఇంటి నుంచి తండ్రిని ఎక్కించుకున్నాక కొడుకును రానివ్వలేదు. ఎనిమిది మందీ తిరిగి రాలేదు. ఓడలో ఉన్న ఎనిమిది మంది కూడా పోయారు. వద్దన్న ఆ కొడుకు తర్వాతి కాలంలో అదే లైఫ్‌బోటు సేవకు కాక్స్‌వెయిన్ అయ్యాడు. ఇది విన్నాక, ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న ఆ తల్లి ఏం చెబుతుందోనని అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఏమీ అనలేదు. వాదన అక్కడితో ఆగింది.

వెనక్కి పిలవడం ఎలా

మా పనిలో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. మొదట తుఫాను షెల్టర్ సైరన్ వాడి చూశాం. గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంటే, పక్కన ఇంజను మోగుతుంటే, కెరటాల అవతల ఏమీ వినపడదు. పగటికి పొడవాటి వెదురుకు నారింజ రంగు జెండా, రాత్రికి ట్రాక్టరు హెడ్‌లైట్లు సముద్రం వైపు తిప్పి ఆర్పి వెలిగించడం మేలని తేలింది. తెప్పలో ఒక ఫోన్ నీరు చొరని కవరులో ఉంటుంది. ఒడ్డుకు దగ్గరలో సిగ్నల్ అందుతుంది, కానీ దాన్ని నమ్ముకోకూడదని మొదటే అనుకున్నాం.

రై హార్బర్‌లోనూ సంకేతం ఇవ్వనే ఇచ్చారు, అది చూడాల్సినవాళ్ల దాకా చేరలేదు. అందువల్ల సంకేతం కన్నా చూసే కన్ను ముఖ్యమనుకుని, తెప్పలో నలుగురిలో ఒకరికి ఒడ్డును చూస్తుండటమే పనిగా పెట్టాం. తాడు పట్టడు, ఇంజను ముట్టడు. కెరటాలు దాటగానే తెప్ప నిలిపి, అందరూ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, అప్పుడే ముందుకు వెళ్లాలి. ఇది సమయం వృథా అని మొదట్లో అన్నారు. కబురు మారేది చాలాసార్లు ఆ మొదటి నిమిషాల్లోనేనని రెండు ఊళ్ల అనుభవమూ చెబుతోంది. ఆ కాసేపు ఆగడానికి ఒప్పుకున్నారు.

నలుగురే ఎందుకంటే, ఎక్కించుకోవాల్సినవాళ్లకు చోటుండాలి. కిక్కిరిసిన తెప్ప మేట మీద నిలవదు.

లైఫ్ జాకెట్ల విషయంలో వాళ్ల అభ్యంతరాన్ని పిరికితనం అనుకుంటారని వేసుకోరనో, బద్ధకమనో కొట్టిపారేయడం నేను చాలాచోట్ల చూశాను. వాళ్లు చెప్పిన కారణం వేరు. తెప్ప బోల్తా పడితే జాకెట్ మనిషిని పైకి తోసి, తెప్ప అడుగుకు అదిమేస్తుంది, బయటికి మునిగి రాలేం అన్నారు. నిజంగా ఆలోచించాల్సిన మాట. సముద్రం మెత్తగా ఉన్న రోజుల్లో ఛాతీ లోతు నీళ్లలో తెప్పను కావాలనే తిరగేసి, చుట్టూ ఈతగాళ్లను పెట్టుకుని సాధన చేశాం. పట్టీలు బిగించి కట్టుకున్న జాకెట్‌తో తెప్ప అంచును పట్టుకుని పక్కకు రావడం వీలైంది. వదులుగా వేసుకున్నది తల మీదికి జరిగి, చేతులను ఆడనివ్వలేదు. తమ కళ్లతో చూశాక నియమాన్ని వాళ్లే రాశారు: పట్టీలు ఇంకొకరు లాగి చూడందే తెప్ప ఎక్కకూడదు. 1861 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్‌లోని విట్‌బీలో, ఆ రోజు అప్పటికే చాలాసార్లు దిగిన లైఫ్‌బోటు తిరగబడి 13 మందిలో 12 మంది పోయారు. బతికిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్, కొత్తగా వచ్చిన బెండు జాకెట్ వేసుకున్నవాడు. సాధన చేయకముందు ఈ సంగతి చెప్పి ఉంటే ఇదో పాఠంలా విని వదిలేసేవారు. జాకెట్లు ఇప్పుడు ఒడ్డునే, వలలు దాచే షెడ్డులో, తాళం లేకుండా వేలాడుతుంటాయి. ఒక్కటీ పోలేదు.

దించకూడదన్నప్పుడు

కొత్త పద్ధతికి అసలు పరీక్ష ఒక అమావాస్య రాత్రి వచ్చింది. ఒక తెప్ప ఆలస్యంగా వస్తూ కెరటాలు చూసి దాటలేక బయటే ఉండిపోయింది. అందులోవాళ్ల టార్చ్ వెలుతురు ఒడ్డుకు కనిపిస్తోంది. ఇంటివాళ్లు వెంటనే తెప్ప దించాలని పట్టుబట్టారు. ఒడ్డు పెద్దలిద్దరు వద్దన్నారు. వాళ్ల తర్కం ఇది: తెప్ప తేలుతోంది, కెరటాల అవతల ఉంది, లంగరు వేసుకోగలదు. ఇప్పుడు ప్రమాదం లోపలికి రావడంలోనే, బయట ఉండటంలో కాదు. మనం చీకట్లో ఇంకో తెప్పను అదే కెరటాల్లోకి పంపితే ప్రమాదంలో ఉండేది రెండు తెప్పలు.

ఆ రాత్రి ఒడ్డు పెద్దలు వద్దన్న మాటతో ఆగి ఉంటే ఊరు వాళ్ల మీద తిరగబడేది. దించకపోతే చేయాల్సిన పనుల పట్టిక ముందే ఉండటం వల్ల అందరి చేతులకూ పని దొరికింది. కోస్ట్ గార్డ్‌కు కబురు అప్పటికే వెళ్లింది. ట్రాక్టరు లైట్లతో, లోపలికి రావద్దని, అక్కడే ఆగమని సంకేతం ఇచ్చారు. కొందరు ట్యూబులు, తాళ్లు పట్టుకుని నీటి అంచున నిలబడ్డారు. కుర్రాళ్లు బైకుల మీద దక్షిణం వైపు రేవులకు వెళ్లారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి లాగుతుంది కాబట్టి, తెప్పకు ఏమైనా అయితే అటే కొట్టుకుపోతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ తయారుచేసిన 'సరాట్' అనే సాధనం కూడా ఇదే పని చేస్తుంది. చివరిసారి కనిపించిన చోటు, సమయం ఇస్తే గాలిని, ప్రవాహాన్ని లెక్కగట్టి ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. పుస్తకంలో చోటు, వేళ రాసుకోవడం వల్ల ఆ లెక్కకు కావలసిన వివరం సిద్ధంగా ఉంటుంది. తెల్లవారి పోటు మారాక ఆ తెప్ప దానంతటదే ఒడ్డుకు చేరింది.

ప్రతిసారీ అలా జరగలేదు. ఇంకో ఏడాది, పగటిపూటే, మేట మీద కెరటాలు మరీ పెద్దవై ఉన్నప్పుడు ఒక మనిషి నీటిలో పడిపోయాడు. తెప్ప దించవద్దని పెద్దలు ముగ్గురూ అన్నారు. తాళ్లతో చేసిన ప్రయత్నం ఫలించలేదు. రెండు రోజులకు పొరుగు ఒడ్డున శవం దొరికింది. ఆ కుటుంబం ఎదుట నిలబడటం ఆ ముగ్గురికి ఎంత భారమైందో నేను చూశాను. కెరటాల తీరు, గాలి, ఎవరు ఏమన్నారు, ఏ వేళకు అన్నారు, అన్నీ ఆ రోజే పుస్తకంలో రాసి ఉన్నాయి. పెద్దకర్మ అయ్యాక ఊరు కూర్చుని ఆ పేజీ చదివించుకుంది. చనిపోయినవాడి బావమరిది, "ఆ కెరటాల్లో నేనైనా దించను" అన్నాడు. పెద్దల్లో ఒకాయన ఆ తర్వాత తప్పుకుంటానంటే ఊరు ఒప్పుకుంది, ఎత్తిపొడవలేదు. ఆ బాధ్యతను ఒక మనిషి ఏళ్ల తరబడి మోయలేడని అప్పుడే అర్థమై, ఒడ్డు పెద్దలను రెండేళ్లకోసారి మార్చాలని రాసుకున్నారు.

ఈ అనుభవం నుంచి

వేరే ఊళ్లో ఇదే పని మొదలుపెడుతున్నవాళ్లకు నేను ఇప్పుడు చెప్పే క్రమం ఇది. ముందు ఊరి క్యాలెండర్ రాయండి, ఏ నెలలో ఎవరుంటారో చూడండి. తర్వాత స్త్రీల దగ్గరకు వెళ్లండి. తర్వాత వద్దని చెప్పే అధికారం ఎవరిదో ఊరందరి ఎదుట తేల్చండి, అది తేలకుండా శిక్షణ మొదలుపెట్టవద్దు. శిక్షణ పొందిన మనిషి అధికారం లేని ఒడ్డు మీద ఇంకా త్వరగా నీటిలోకి దూకుతాడు. బోటు ప్రస్తావన ఆఖరుకు రావాలి. చాలాచోట్ల అప్పటికి ఆ అవసరమే ఉండదు.

నియమాలు రాసేటప్పుడు ఊరి మాటలోనే రాయించండి. ఈ ఊరి పుస్తకంలో వాక్యాలు నావి కావు. నేను తీసుకెళ్లిన ముద్రిత నియమావళి రెండు సమావేశాల్లో పక్కకు పోయింది, దానిలోని విషయం మాత్రం వాళ్ల నోట వేరే రూపంలో నిలిచింది.

ఇంకా తేలని విషయాలున్నాయి. ఇంధనం ఖర్చుకు ప్రతి తెప్ప వేలంలో కొంత ఇస్తోంది, గంగమ్మ పండగకు ఇచ్చినట్టే, అది నడుస్తోంది. కానీ కాపాడటానికి వెళ్లిన మనిషికి ఏమైనా అయితే ఆ ఇంటి సంగతేంటి? ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది, మరణానికి 5 లక్షల రూపాయలు. అందులో పేరు నమోదైనవారినే దళంలోకి తీసుకోవాలని ఇప్పుడు నియమం పెట్టారు. నమోదు పత్రాల నకళ్లు వలల షెడ్డులో, జాకెట్ల పక్కనే ఒక డబ్బాలో ఉంచుతున్నారు. వచ్చే నిషేధ కాలంలో, వెరావల్ నుంచి వచ్చిన కుర్రాళ్లతో కాకుండా, ఊళ్లోనే మిగిలేవాళ్లతో బోల్తా సాధన మళ్లీ చేయాలని అనుకున్నాం. ఈసారి పొరుగూరి నుంచి కూడా కొందరు వస్తామన్నారు. అన్నదమ్ములు పోయిన సాయంత్రం ఆపదలో ఉన్నవాళ్లను తెప్ప ఎక్కించుకున్నది ఆ ఊరివాళ్లే. ఆ రోజు వాళ్లకు మన ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదు. ఇప్పుడు పుస్తకం రాసే ఇద్దరి నంబర్లు ఆ ఊరి వేలం పాకలో గోడ మీద రాసి ఉన్నాయి.